ఉత్త డబ్బా ఎట్లిస్తం?

"పోసిన గదా డబ్బాల! ఇంకేం గావాలె నీకు?"

"పోసినవన్నా, నేను చూడలేదా? కవరు మూల కత్తిరించి పోసినవు. ఆ కవరేమో గా బుట్టల ఏసినవు. నేను ఇంటికి పోయి చేసే పనే నువ్వు ఈడ చేసినవు."

"సాంబారు నీ డబ్బాల ఉన్నదా లేదా?"

"ఉన్నది."

"నీ చేతుల కవరున్నదా?"

"లేదు."

"మరింకేం లొల్లి చెల్లె? నీ ఎనుక ఎంతమంది నిలబడ్డరో జర చూడు."

ఆ నిలబడ్డవాళ్లలో నేనొకణ్ణి. రూములో అన్నం పెట్టి వచ్చాను, ఆకలి మీదున్నాను. కర్రీ పాయింట్ ముందు నిలబడి కూర గురించి కాకుండా కవరు గురించి కొట్లాడే మనిషిని చూసి మొదట ఒళ్లు మండింది. ఆ తర్వాత ఆమె చేసిన పని చూసి మండటం ఆగిపోయింది. ఓనరు బాలరాజు పడేసిన ఆ ఖాళీ కవరును బుట్టలోంచి తీసి, రెండు వేళ్లతో పైకెత్తి, లైన్లో ఉన్న మా అందరికీ చూపించింది.

"దీని ఆయుష్షు ఎంత అన్నా? నీ గంజుల కెల్లి నా డబ్బాలకు వచ్చేదాంక. గింత పనికి దీన్ని పుట్టిచ్చుడెందుకు?"

నేను నవ్వాను. నా ముందున్నాయన కూడా నవ్వాడు. బాలరాజు మాత్రం నవ్వలేదు. "నెక్స్ట్," అన్నాడు.

ఆమె పేరు నిరోష. యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. హాల్ టికెట్లు ఇవ్వడం, "సార్ ఉన్నారా" అని వచ్చేవాళ్లకు "లేరు" అని చెప్పడం, మెమోలు వెతకడం. భర్త సంజీవ్ ఏసీలు రిపేరు చేస్తాడు. ఇద్దరిదీ జనగామ వైపు. పొద్దున పూట వండుకుంటారు. సాయంత్రం అన్నం ఇంట్లో, కూర బయట. తార్నాకలో సగం సంసారాలు ఇట్లాగే నడుస్తాయి, ఇందులో తప్పేమీ లేదు. ఆమె మహాత్మురాలని చెప్పడానికి ఇది రాయడం లేదు. మహాత్ములంటే నాకు పడదు. ఒక మనిషి చిన్న పని మొదలుపెడితే అది ఎంత గందరగోళం అవుతుందో, ఆ గందరగోళంలో ఎంత మజా ఉంటుందో దగ్గరుండి చూశాను. అందుకు రాస్తున్నాను.

నేను బైక్ టాక్సీ నడుపుతాను. ఇంజనీరింగ్ సగంలో వదిలేశాను. ఆ వారంలోనే ఒక పొద్దున బస్సు దొరక్క ఆమె బండి బుక్ చేస్తే అది నాకొచ్చింది. ఎక్కగానే గుర్తుపట్టాను.

"నువ్వు కవరక్కవు గదా!"

"ఏం పేరు పెట్టినవు తమ్మీ, సచ్చిపోత," అని నవ్వింది. "నిరోష అంటరు నన్ను."

క్యాంపస్ చేరేలోపు కథంతా చెప్పింది. వానాకాలంలో వాళ్ల గల్లీ మోరీ నిండి, నీళ్లు గడప దాటి ఇంట్లోకి వచ్చాయట. సంజీవ్ ఇనుప కడ్డీతో జాలీ దగ్గర కెలికితే గుత్తులు గుత్తులుగా కవర్లు. అన్నిటికీ ముడి ముడిలాగే ఉంది, మూల మాత్రం కత్తిరించి ఉంది.

"మనందరం గట్లనే కోస్తం గదా. ముడి ఊడరాదు, మూలకు కత్తెర పెడతం. కొన్నిట్ల పసుపు మరక సుత పోలే. చెయ్యి పెట్టి తీసుకుంట తీసుకుంట అనుకున్న, దీంట్ల నాయి ఎన్ని? మా ఇంట్లకు నీళ్లను నేనే పిలుసుకున్ననా ఏంది అని."

"మోరీ తీయాల్సినోళ్లు తీయరు. నువ్వేమో నీ నెత్తిన ఏసుకుంటున్నవు," అన్నాను.

"వాళ్లను తిట్టుడు నేనేం ఆపలేదు. తిట్టుకుంటనే డబ్బా పట్టుకపోతున్న. రెండు పనులు ఒక్కసారి చేయరాదా?"

ఈ మాట నాకు నచ్చింది. ఆ రోజు నుంచి ఆమె నాకు నిరోషక్క అయిపోయింది.

బాలరాజుతో గొడవ మాత్రం రోజూ సాగింది. ఆయన బాధ ఆయనది. సాయంత్రం జనం ఒక్కసారిగా వచ్చి పడతారు. అందుకని నాలుగింటికే కూర్చుని సాంబారు, పప్పుచారు, గోకరకాయ, ఆలుగడ్డ అన్నీ కవర్లలో కట్టి టబ్బుల్లో పేర్చుకుంటాడు. జనం రాగానే చేతిలో పెట్టి పంపడమే. "డబ్బాల పోయాలంటే గంటె పట్టాలె. గంటె పడితే లైన్ ఆగుతది. లైన్ ఆగితే పక్క దుకాణంకు పోతరు," అంటాడు. అందులో అబద్ధం లేదు.

ఒక సాయంత్రం ఈ వాదన నడుస్తుండగా వంట దగ్గర నుంచి ఆయన భార్య శిరీష బయటికొచ్చింది. వంటంతా ఆమెదే. చేతిలో గంటె అట్లాగే ఉంది.

"ఒక్కనాడు చూస్తే ఏం పోతదయ్యా? దినాం ఈ పంచాది నేను వినలేక సస్తున్న."

బాలరాజుకు పౌరుషం వచ్చింది. "సరే! బేస్తారం ఒక్కనాడు కవరే కట్టను. గంటెతోనే పోస్త. కానీ చెల్లె, ఆ దినం కూర మిగిలితే మాత్రం మల్ల నా దుకాణంల డబ్బా ముచ్చట తియ్యొద్దు. అందరి లెక్క నువ్వు సుత కవర్లనే తీస్కపోవాలె. కబూలా?"

"కబూల్. మరి మిగలకపోతే?"

బాలరాజుకు ఆ ఆలోచనే రాలేదు. శిరీష అందుకుంది. "మిగలకపోతే ప్రతి బేస్తారం డబ్బాలే. నేను చెప్తున్న."

సొంత ఇంటి మనిషి అవతలి పార్టీలో చేరినట్టు చూశాడు బాలరాజు.

పందెం గురువారానికి కుదిరింది. మర్నాటి నుంచి నిరోషక్క క్యాంపస్‌లో ఎవరు కనబడితే వాళ్లను పట్టుకుంది. ఆమె ఆఫీసు మెట్ల మీద మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు నేను కూడా వెళ్లేవాణ్ణి, గిరాకీ లేని వేళ కదా. ఆమెతో పనిచేసే జ్యోతిర్మయి మొదటి రోజే మొహం మీద చెప్పేసింది.

"గిన్నె పట్టుకోని రోడ్డు మీద నిలబడాల్నా? చూసినోళ్లు అడుక్క తింటున్నననుకోరా?"

"మీ అమ్మ పాలకు చెంబు పట్టుకపోలేదా? నూనెకు సీసా పట్టుకపోలేదా? అడుక్క తిన్నరా మీరు?"

"గప్పుడు కవర్లు లెవ్వు."

"గప్పుడు నామోషీ సుత లేదు. రెండు ఒక్కసారే వచ్చినట్టున్నయి."

జ్యోతిర్మయి ముద్ద మింగి, "నోరు కాదే నీది," అంది. గురువారం వస్తానని మాత్రం ఒప్పుకుంది.

హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుకునే పోరగాళ్ల సంగతి వేరు. మెస్ నచ్చని రోజు వాళ్లు బాలరాజు దగ్గరికే వస్తారు. డబ్బాలు తెమ్మంటే, "మా దగ్గర డబ్బాలెక్కడియి అక్కా? బకెట్, మగ్గు ఉన్నయి, తెమ్మంటవా?" అని ఒకడన్నాడు. అందరూ నవ్వారు. నిరోషక్క కూడా నవ్వింది. సాయంత్రం నా బండి మీదే ఇంటికి బయలుదేరింది. గల్లీ మలుపు దగ్గర నా భుజం తట్టింది.

"మన ఇండ్లల్ల స్టీలుకు కరువా తమ్మీ? నడువు, సుధామయి మేడం ఇంటికి."

సుధామయి గారు రిటైరైన టీచరు, నిరోషక్క వాళ్ల పై వాటాలో ఉంటారు. ఆమె సజ్జ మీదికి నన్నెక్కించారు. దుమ్ములో తల పెట్టి చూస్తే కళ్లు తిరిగాయి. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు, పుట్టువెంట్రుకలకు వచ్చిన స్టీలు డబ్బాలు, ఒకదాని కడుపులో ఒకటి, మూత మీద అంటించిన స్టిక్కరు కూడా ఊడనివి. ప్రతి దాని మీదా పేరు కొట్టించి ఉంది: ఎవరిచ్చారో, ఎవరి పెళ్లికో. ఏళ్ల తరబడి ఎవరూ చారు కూడా పోయని డబ్బాలు!

"పేర్లున్నయి, జాగ్రత్త," అన్నారామె. "పోతే ఒప్పుకోను. మా మేనత్త ఇచ్చినవి ఉన్నయి."

"మల్ల తెచ్చి మీ సజ్జ మీద పెట్టే పూచీ నాది మేడం," అంది నిరోషక్క. ఇంకో నాలుగు ఇళ్లు తిరిగేసరికి నా బండి మీద గోనె సంచి నిండా డబ్బాలు. గుంత వచ్చినప్పుడల్లా గణగణమని మోగుతుంటే ట్రాఫిక్‌లో అందరూ మావైపే చూశారు. ఆమె వెనక కూర్చుని పగలబడి నవ్వింది.

గురువారం వచ్చింది. కర్రీ పాయింట్ పక్కన బల్ల వేసి, డబ్బాలు వరసగా పేర్చి, "డబ్బా తేనోళ్లు ఇక్కడ తీస్కోండి, మల్ల తెచ్చియ్యండి" అని అట్ట ముక్క మీద రాసి పెట్టింది. టబ్బుల్లో ఒక్క కవరు కూడా లేదు. మొదట్లో జనం వచ్చి, చూసి, పక్క దుకాణం వైపు నడిచారు. బాలరాజు గంటె పట్టుకుని చిరునవ్వుతో నిలబడ్డాడు. నిరోషక్క గోళ్లు కొరుక్కుంది. నేను క్యాంపస్ వైపు రోడ్డునే చూస్తూ నిలబడ్డాను, నా కూర కాకపోయినా!

అంతలో క్యాంపస్ బ్యాచ్ దిగింది. జ్యోతిర్మయి నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్‌తో వచ్చింది, అదీ తళతళా తోమించుకుని. ఒకాయన ప్రెషర్ కుక్కరే తెచ్చాడు. హాస్టల్ పోరడు అన్నంత పనీ చేసి మగ్గు తెచ్చాడు.

"కొత్తదే అక్కా, ఒట్టు!"

లోపలి నుంచి శిరీష అరిచింది. "మగ్గుల పోస్తే గంటె ఇరగ్గొడత! నా సాంబారుకు ఇజ్జత్ ఉన్నది. బల్ల మీద డబ్బా తీస్కో!"

ఇక లైన్ ఆగలేదు. పక్క దుకాణం దగ్గర నిలబడ్డవాళ్లు కూడా ఈ నవ్వులేమిటని ఇటొచ్చారు. బాలరాజుకు చేయి తిరగలేదు మొదట. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పోసి తిట్లు తిన్నాడు. నిరోషక్క ఒక స్టీలు గ్లాసు తెచ్చి చేతికిచ్చింది, "మనిషికి ఇంత" అని. అంతే, మెషీన్ లాగా పోశాడు. రోజూ మూసే వేళ ఇంకా కాకముందే సాంబారు గంజులో గంటె అడుగుకు తగిలి టంగుమంది. ఆ చప్పుడుకు నేను, నిరోషక్క, హాస్టల్ పోరగాళ్లు ఈలలు వేశాం. బాలరాజు గంజు వంచి చూశాడు. తనకు, శిరీషకు కూడా మిగల్లేదు.

"ఇగ మేమేం తినాలె?" అన్నాడు.

"పక్క దుకాణంల కవరు తెచ్చుకో పో," అంది శిరీష.

ఇక్కడ కథ ముగిసి ఉంటే నేను రాసేవాణ్ణి కాదు. అసలు తమాషా తర్వాతే.

మళ్లీ గురువారం దగ్గరికొచ్చింది. బల్ల మీది డబ్బాల్లో ఒక్కటీ తిరిగి రాలేదు. సుధామయి గారు పైనుంచి రోజూ అడుగుతున్నారు. "నిరోషా, మా మేనత్త డబ్బా?" బాలరాజు కూడా గొంతు సవరించుకున్నాడు. "డబ్బాల్లేకుంటే సగం జనానికి దేంట్ల పోయాలె చెల్లె? బేస్తారం దాంక రాకపోతే కవర్లు తీస్త. నన్ననొద్దు." శిరీష కూడా ఈసారి తల వంచుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

బుధవారం ఆఫీసుకు సెలవు పెట్టి, డబ్బా తీసుకున్నవాళ్ల పేర్లు, ఇళ్లు రాసుకున్న కాగితం పట్టుకుని నిరోషక్క నా బండెక్కింది. "దొంగలైండ్రు అందరు," అని దారి పొడుగునా నేనే తిట్టాను.

వారాసిగూడలో మొదటి ఇల్లు. తలుపు తీసిన ఆమె నిరోషక్కను చూసి సంబరపడిపోయింది. డబ్బా ఏదంటే, తళతళలాడేలా తోమి, తుడిచి, దేవుడి ఫొటోల పక్కన పెట్టినదాన్ని చూపించింది.

"మరి ఇయ్యరాదు వదినె?"

"అయ్యో, ఉత్త డబ్బా ఎట్లిస్తం? ఐతారం చికెన్ చేస్తం, అండ్ల పెట్టి నేనే తెద్దామనుకున్న."

రెండో ఇంట్లో మినపప్పు నానబెట్టారు. గారెలు చేసి పెట్టిస్తారట, కూర్చోమన్నారు. కూర్చున్నాం, తిన్నాం, డబ్బా నిండా గారెలతో లేచాం. మూడో ఇంట్లో బొబ్బర్లు ఉడుకుతున్నాయి. హాస్టల్‌కు వెళితే ఆ మగ్గు పోరడు, "మా అమ్మ ఊరికెల్లి అరిసెలు పంపుతదక్కా, అండ్ల పెట్టిస్త, ఉత్తగెట్లిస్త?" అన్నాడు. గ్రూప్ వన్ చదివేవాడికీ అదే పట్టింపు! ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మన ఇళ్లలో అందరికీ తెలుసు. మా అమ్మ కూడా ఇవ్వదు. ఆ సంగతి మా ఇద్దరికీ ఎందుకు తట్టలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

పొట్టలు బరువెక్కాయి, సంచి మాత్రం తేలిగ్గానే ఉంది. ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్ల కింద బండి ఆపాను. నిరోషక్క చెప్పులు విడిచి గడ్డిలో కూలబడింది.

"దొంగోని దగ్గరైతే గుంజుకోవచ్చు తమ్మీ. మర్యాద చేసేటోని దగ్గర ఎట్ల గుంజుకోవాలె?"

నాకు నవ్వాగలేదు. "రేపటిసంది సాంబారు కవర్లనే తాగుదువు గాని, పా," అన్నాను. ఆమె గడ్డి పీకి నా మీద విసిరింది. కళ్లలో నీళ్లున్నాయి. ఓడిపోతానని ఆమెకు అనిపించిందప్పుడు. ఒక్క ఇల్లు మిగిలింది, అది మౌలాలిలో. వెళ్దామా వద్దా అంటే, "పోదాం, ఆఖర్ది చూసి ఓడిపోదాం," అంది.

ఆ ఇంట్లో ఒక ముసలమ్మ మాత్రమే ఉంది. కొడుకూ కోడలూ డ్యూటీకి వెళ్లారు. మెడలో చిన్న సిలువ, చేతికి మందు పట్టీ. డబ్బా తెచ్చి, మూత తీసి, లోపలికి చూసి, ఆగిపోయింది.

"పొయ్యి మీద ఏం లేదు బిడ్డా. ఉత్తగ ఎట్ల పంపుదు?" అని వాకిట్లోకి నడిచి, కుండీలో ఉన్న కరివేపాకు చెట్టు నుంచి రెండు రెబ్బలు తుంచి అందులో వేసింది. "ఇగ తీస్కపో. యేసయ్య సల్లగ సూస్తడు."

నిరోషక్క ఆ డబ్బాలోకి చూసింది. నా మొహంలోకి చూసింది. ముసలమ్మను ఒక్కసారి వాటేసుకుంది.

"తమ్మీ, బండి తిప్పు! ఎన్కకు తిప్పు!"

అప్పుడు నడిపినట్టు నేను బండి ఎప్పుడూ నడపలేదు. వారాసిగూడలో ఆ వదినెకు చెప్పింది. "చికెన్ మీరే తినుండ్రి. రెండు కరేపాకు రెబ్బలెయ్యి, చాలు. రేపు సాంబార్ల పడతది. చెట్టు లేకుంటే కొత్తిమీర కాడ, అది లేకుంటే పచ్చిమిరపకాయ. ఉత్తగైతే ఇయ్యొద్దు." ఆ చివరి మాట వినగానే అందరి మొహాలూ విప్పారాయి. ఇవ్వకూడనిది ఇమ్మని అడగడం లేదు కదా ఆమె! హాస్టల్ పోరగాళ్లు క్యాంపస్ చెట్ల కింద రాలిన చింతకాయలు ఏరి, కడిగి, డబ్బాల్లో వేసి ఇచ్చారు. ఒకడు డబ్బా మూత తీసి చూపిస్తూ, "అరిసెలకన్న ఇదే నయం అక్కా, మా అమ్మకు చెప్పకు," అన్నాడు.

గురువారం సాయంత్రానికి ముందే డబ్బాలన్నీ బల్ల మీద ఉన్నాయి. శిరీష ఒక్కో మూత తీసి వాసన చూసింది. "ఇది ముదురు ఆకు. ఇది లేత. ఈ మిరపకాయ ఎవరిదో గాని మంట పుట్టిస్తది," అంటూ అన్నీ గంజులో వేసింది. సుధామయి గారు స్వయంగా కిందికి దిగి వచ్చి, మేనత్త డబ్బాను పట్టుకుని, తిప్పి చూసి, పేరు మీద వేలు పెట్టి చదువుకున్నారు. సజ్జ మీదికి పంపిస్తారనుకున్నాను. బాలరాజు ముందుకు చాచారు. "ఇండ్ల పప్పుచారు పొయ్యి నాయనా." ఆ సాంబారు రుచి గురించి నేను చెప్పను, నా మాట మీరు నమ్మరు. గంజు మళ్లీ ఖాళీ అయిందని మాత్రం చెప్తాను.

అప్పటి నుంచి గురువారాలు అట్లాగే నడిచాయి. జ్యోతిర్మయి మిగతా రోజుల్లో కూడా క్యారియర్ తెస్తోంది. నిరోషక్క ఇక చికెన్ కొట్టు మీద పడింది, ఆ గొడవ వేరే. అయితే బాలరాజు పూర్తిగా మారిపోయాడనుకుంటే పొరపాటు. బల్ల కింద కొత్త కవర్ల కట్ట ఒకటి దాచి పెట్టుకుంటాడు, "అర్జంటుకు" అని. నిరోషక్క లేకుండా చూసి ఒకరిద్దరికి తీసివ్వడం నేనే చూశాను. ఆమెకు చెప్పేశాను కూడా. నాకు కడుపులో మాట ఆగదు.

మొన్న సోమవారం ఆమె క్యాంపస్ గేటు దగ్గర బండి ఆపించింది. ఊళ్లో సంజీవ్ తమ్ముడి పెళ్లి, ఈ గురువారం ఉండదట. కాసేపు నసిగింది, అది ఆమె అలవాటు కాదు.

"ఒక్క బేస్తారం తప్పితే బాలరాజన్న కవర్లు తీస్తడు. ఒక్కసారి తీసిండంటే ఇగ పెట్టడు. నాకు తెల్సు ఆయన సంగతి. శిరీషక్క పొయ్యి కాడి నుంచి ఎంతని చూస్తది?"

"అయితే?"

"నువ్వేదీ సగం దాటియ్యవని నాకు తెల్సు తమ్మీ. సదువు ఇడిసినవు, మూడు నౌకరీలు ఇడిసినవు. అందుకే నిన్ను మాట ఇయ్యుమంటలేను. ఈ బేస్తారం బల్ల ఎన్క నా జాగల నువ్వు నిలబడు. డబ్బా తేనోళ్లకు డబ్బా ఇయ్యి. ఎవడన్న కవరడిగితే కొట్లాడు, నీకు వస్తది గదా. బాలరాజన్న తిడితే తిట్టిచ్చుకో. గంజు ఖాళీ అయ్యేదాంక మాత్రం ఆడికెల్లి కదలకు."